హెడ్‌స్టాక్ మీద ఎవరి పేరు?

ఎలక్ట్రిక్ గిటార్లలో దేనికీ కాపీ కానిది వెతకడం కష్టం. 1950లో ఫెండర్ కంపెనీ ఒక చెక్క పలకకు నాలుగు స్క్రూలతో మెడ బిగించి అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడాది దానికి టెలీకాస్టర్ అన్న పేరు స్థిరపడింది. 1952లో గిబ్సన్ కంపెనీ లెస్ పాల్, 1954లో ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వచ్చాయి. ఆ తర్వాత ఎన్ని కంపెనీలు పుట్టినా, వాటి గిటార్లలో చాలావాటికి రూపం ఈ మూడింటి నుంచి వచ్చిందే. అందుకే "కాపీ గిటారు కొనడం తప్పా?" అని అడిగినవాళ్ళను నేను తిరిగి అడిగేది ఒకటే: ఆకారం సంగతా, పేరు సంగతా? ఆకారం ఎవరైనా తీసుకోవచ్చని నా అభిప్రాయం. పేరు మాత్రం తీసుకోకూడదు. కొనేవాడికి "ఇది కాపీయే బాబూ" అని ముందే చెప్పి అమ్మినా సరే, తీసుకోకూడదు. ఈ చివరి మాట దగ్గరే చాలామంది నాతో విడిపోతారు. కాబట్టి వాదనంతా అక్కడికే తీసుకొస్తాను.

ముందు ఆకారం సంగతి తేల్చేద్దాం. 1970లలో జపాన్ కంపెనీలు లెస్ పాల్‌ను గీత తప్పకుండా దించాయి. 1977లో గిబ్సన్ యజమాని సంస్థ నార్లిన్, ఐబనేజ్ గిటార్లను అమెరికాలో అమ్ముతున్న ఎల్గర్ కంపెనీ మీద ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. గొడవంతా హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ కీలు ఉండే గిటారు తల) పైఅంచు గురించే, అంటే తెరిచిన పుస్తకంలా ఉండే ఆ వంపు గురించే. అప్పటికే ఐబనేజ్ ఆ అంచు మార్చేసింది. దావా రాజీతో ముగిసింది. ఈ ఒక్క కేసును అడ్డం పెట్టుకుని, ఆ దశాబ్దంలో జపాన్‌లో తయారైన ప్రతి గిటారునూ "లాసూట్ గిటార్" (దావా గిటారు) అని ఇప్పటికీ ధర పెంచి అమ్ముతున్నారు. అమ్మకానికి పెట్టిన ప్రకటనలో ఆ మాట కనిపిస్తే ధరలో మూడో వంతు ఆ మాటదే అనుకోండి.

తర్వాతి కేసులు ఇంకా ఆసక్తికరం. పీఆర్ఎస్ కంపెనీ సింగిల్‌కట్ అనే మోడల్ తెస్తే, అది లెస్ పాల్ ఆకారమని గిబ్సన్ కోర్టుకు వెళ్ళి 2004లో తయారీ ఆపించింది. 2005లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. దుకాణంలో కొనేవాడు పొరబడడని గిబ్సనే ఒప్పుకుంది. పొగ నిండిన బార్‌లో దూరం నుంచి చూసేవాడు పొరబడతాడన్న వాదన మాత్రం మిగిలింది. కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2003లో స్ట్రాటోకాస్టర్, టెలీకాస్టర్, ప్రెసిషన్ బాస్ ఒంటి ఆకారాలను ట్రేడ్‌మార్కులుగా నమోదు చేయించుకోవాలని ఫెండర్ ప్రయత్నించింది. దశాబ్దాలుగా అందరూ అవే ఆకారాలు చేస్తుంటే ఊరుకున్న కంపెనీకి ఇప్పుడు ఆ హక్కు లేదని అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు 2009లో తేల్చింది. హెడ్‌స్టాక్ ఆకారం మాత్రం ఫెండర్ పేరునే నమోదై ఉంది. ఆ ఆకారంలో మెడలు చేసి అమ్మే కంపెనీలు లైసెన్సు తీసుకుని, మెడ కింది చివర "లైసెన్స్‌డ్ బై ఫెండర్" అని ముద్ర వేసేది అందుకే. డీన్ గిటార్లు చేసే అర్మడిల్లో కంపెనీ మీద గిటారు ఆకారాల గురించి గిబ్సన్ 2019లో వేసిన కేసు మాత్రం అటూ ఇటూ ఊగింది. 2022లో జ్యూరీ గిబ్సన్ వైపు మొగ్గి 4,000 డాలర్ల పరిహారం ఇప్పించింది. ఆ ఆకారాలను ఇతరులు ఎంతకాలంగా వాడుతున్నారో చూపే సాక్ష్యాన్ని తోసిపుచ్చడం పొరపాటని 2024లో అప్పీలు కోర్టు మళ్ళీ విచారణకు పంపింది.

కోర్టుల మాట అటుంచినా, ఆకారం కాపీ వల్ల గిటారు లోకానికి మేలే జరిగింది. 1965 నుంచి 1985 దాకా ఫెండర్ సీబీఎస్ చేతిలో ఉంది. ఆ ఏళ్ళలో నాణ్యత పడిపోయిందని వాయించేవాళ్ళందరూ చెప్పే మాటే. అదే సమయంలో టోకాయ్, గ్రెకో లాంటి జపాన్ కంపెనీలు 1950ల నాటి కొలతలు పట్టుకుని అసలుకన్నా శ్రద్ధగా చేశాయి. 1982లో ఫెండర్ తానే జపాన్‌లో తయారీ మొదలుపెట్టి, స్క్వయర్ పేరుతో తక్కువ ధర గిటార్లు తెచ్చింది. పోటీ లేకపోతే ఆ అడుగు అప్పుడు పడేదని నేను అనుకోను. మన దగ్గర చాలామంది చేతికి మొదట వచ్చింది కలకత్తా గివ్‌సనో, హాబ్నరో. ఆ పేర్లు వింటే గిబ్సన్, హాఫ్నర్ గుర్తురాక మానవు. అది గొప్ప పని అనను. కానీ గివ్‌సన్‌కు గిబ్సన్ ధర పెట్టి మోసపోయినవాడు ఉండడు.

ఇక అసలు గొడవ. చైనా నుంచి కొన్ని వందల డాలర్లకు వచ్చే గిటార్లున్నాయి. హెడ్‌స్టాక్ మీద గిబ్సన్ అని ముత్యపు చిప్ప రంగులో పొదిగి ఉంటుంది, వెనక మేడ్ ఇన్ యూఎస్ఏ, వరుస సంఖ్య కూడా ఉంటాయి. వాయించేవాళ్ళు వీటిని చిబ్సన్లంటారు. కొత్త లెస్ పాల్ స్టాండర్డ్ ధర అమెరికాలోనే రెండున్నర వేల డాలర్ల పైమాట. అందుకే ఇవి అమ్ముడవుతాయి. అమ్మేవాడు "రెప్లికా" అనే రాస్తాడు, కొనేవాడు తెలిసే కొంటాడు, ఇందులో మోసం ఎక్కడుంది అంటారు.

మొదటి అమ్మకంలో లేదు. గిటారు ఒక్క చేతిలో ఉండిపోయే వస్తువు కాకపోవడమే ఇక్కడి చిక్కు. కాలేజీ అయ్యాక అమ్మేస్తారు, ఉద్యోగం దొరికి ఊరు మారినప్పుడు అమ్మేస్తారు, పెళ్ళయ్యాక అటక మీద పెట్టి తర్వాత తమ్ముడికి ఇచ్చేస్తారు. మీరు చెప్పిన "ఇది కాపీయే" అన్న మాట మొదటి కొనుగోలుదారు చెవిలో ఉంటుంది. గిబ్సన్ అన్న అక్షరాలు చెక్కలో ఉంటాయి. మూడో చేతికి వచ్చేసరికి మాట పోయి అక్షరాలే మిగులుతాయి. "మా అన్నయ్య అమెరికా నుంచి తెచ్చాడు" అన్న కథ అక్కడే పుడుతుంది. చెప్పేవాడు కూడా చాలాసార్లు నిజమని నమ్మే చెబుతాడు. ఇక్కత్ డిజైన్‌ను బట్ట మీద అచ్చు వేసి ప్రింటు చీరగా అమ్మితే ఎవరికీ ఇబ్బంది లేదు. అదే చీరకు పోచంపల్లి చేనేత ముద్ర కుట్టి, "ఇది ప్రింటే" అని కొనేవాళ్ళ చెవిలో చెప్పి అమ్మితే, ఆ ముద్ర ఎందుకు కుట్టినట్టు? తర్వాత చూసేవాళ్ళెవరో నమ్మడానికే కదా.

మన చట్టం కూడా ఇంచుమించు ఇక్కడే గీత గీసింది. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 103వ సెక్షన్ ప్రకారం వేరొకరి మార్కును దొంగతనంగా వేయడం, 104వ సెక్షన్ ప్రకారం అలాంటి సరుకు అమ్మడం, అద్దెకివ్వడం, అమ్మకానికి దగ్గర ఉంచుకోవడం నేరాలు. ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాననీ, అనుమానించే కారణం లేదనీ నిరూపించుకుని, ఎవరి దగ్గర కొన్నాడో చెప్పగలిగితే అమ్మినవాడు బయటపడవచ్చు. ప్రకటనలో "రెప్లికా" అని తనే రాసుకున్నవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే, ఎందుకంటే తెలిసే అమ్ముతున్నానని తనే చెప్పుకున్నాడు. అసలని చెప్పి అమ్మితే భారతీయ న్యాయ సంహితలో మోసానికి సంబంధించిన 318వ సెక్షన్ వేరే ఉంది. మరోపక్క, సొంతంగా వాయించుకోవడానికి ఇంట్లో ఉంచుకోవడాన్ని 104 పట్టించుకోదు. ఆకారం విషయంలో అదే చట్టం 9వ సెక్షన్ మూడో ఉపవిభాగం ఉదారంగా ఉంది: వస్తువు స్వభావం వల్లనో, సాంకేతిక అవసరం వల్లనో వచ్చిన ఆకారాన్ని మార్కుగా నమోదు చేయరు. గిటారుకు ఒక పక్క కోత పెట్టేది పై ఫ్రెట్లు (మెడ మీది లోహపు అడ్డపట్టీలు) అందడానికే కదా!

తప్పుడు పేరు వల్ల ఎవరికి నష్టం అన్న ప్రశ్నకు చాలామంది గిబ్సన్‌కు అని జవాబు చెబుతారు. నాకు ఆ జవాబు అంతగా నచ్చదు. ఇరవై వేలు పెట్టగలిగినవాడు మూడు లక్షల గిటారు ఎలాగూ కొనడు, కాబట్టి కంపెనీకి పోయిన అమ్మకం ఏమీ లేదు. నష్టపోయేది ఒకటి, మూడో చేతి కొనుగోలుదారు. రెండు, అదే ఇరవై, పాతిక వేలకు సొంత పేరుతో మంచి గిటారు చేసే చిన్న కంపెనీ. మూడు, నిజమైన గిబ్సన్‌ను అమ్ముకోవాల్సి వచ్చిన మనిషి. దొంగ సరుకు వల్ల అతని గిటారునూ అనుమానంగా చూసి సగానికి అడుగుతారు.

నాలుగోవాడు కూడా ఉన్నాడు, అతన్ని ఎవరూ లెక్కపెట్టరు. రాక్ సంగీతంలో అందరికీ తెలిసిన లెస్ పాల్‌లలో ఒకటి అసలు గిబ్సనే కాదు. 1987లో గన్స్ ఎన్ రోజెస్ బృందం తొలి ఆల్బమ్‌లో గిటారిస్టు స్లాష్ వాయించింది కాలిఫోర్నియా గిటారు తయారీదారు క్రిస్ డెరిగ్ చేసిన 1959 లెస్ పాల్ నకలు. దానికి సీమోర్ డంకన్ కంపెనీ అల్నికో 2 పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) వేశారు. హెడ్‌స్టాక్ మీద మాత్రం గిబ్సన్ అని ఉంది. ఆ శబ్దం విని ఎందరో గిబ్సన్ లెస్ పాల్‌లు కొన్నారు. గిబ్సన్ తర్వాత ఆ గిటారుకే స్లాష్ పేరుతో నకలు తీసి అమ్మింది. నకలుకు నకలు, ఈసారి అధికారికంగా! డెరిగ్ 1987లోనే చనిపోయాడు. రెప్లికాలను సమర్థించేవాళ్ళు ఈ కథను తమ వైపు సాక్ష్యంగా తెస్తారు. నాకైతే ఇది తప్పుడు పేరు చేసిన అతిపెద్ద అన్యాయంగా కనిపిస్తుంది. అంత గొప్ప గిటారు చేసినవాడి పేరు దాని మీద లేదు. అతని పనితనం వేరే కంపెనీ ఖాతాలో జమ అయింది, ఆ పని చేసింది అతని చేతులే.

ఇదే రకంలో పైమెట్టు సరుకు ఇంకా ప్రమాదం. 1958 నుంచి 1960 దాకా తయారైన సన్‌బర్స్ట్ (అంచుల వైపు రంగు ముదిరే) లెస్ పాల్‌లు పదిహేను వందల చుట్టుపక్కల మాత్రమే. ఇప్పుడు ఒక్కోటి లక్షల డాలర్లు పలుకుతుంది. వీటికి బ్రెజిల్ రోజ్‌వుడ్, పాతకాలపు జిగురు, నైట్రోసెల్యులోజ్ లాకర్ (మెరుపు పూత) వాడి నకళ్ళు చేసే నిపుణులున్నారు. అవి వేల డాలర్లకు నిజాయతీగానే అమ్ముడవుతాయి. తర్వాతి చేతుల్లో నకలని చెప్పే ఒక్క కాగితం పారేస్తే వేలు లక్షలవుతాయి. అతినీలలోహిత దీపం కింద పాత నైట్రో లాకర్ పసుపుపచ్చగా మెరుస్తుంది, కొత్తగా వేసిన చోట నల్లగా, ఊదాగా ఉంటుంది. కొనేముందు చీకటి గదిలో మెడ ఒంటితో కలిసే చోటు, హెడ్‌స్టాక్ వెనకభాగం ఆ దీపంతో చూడకుండా డబ్బు కట్టేవాడిని చూసి జాలిపడాలి.

మామూలు కొనుగోలుదారుకు అంత అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ లెస్ పాల్ చూడటానికి వెళ్ళేటప్పుడు ఒక చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, 5/16 అంగుళం సాకెట్ రెంచ్, టార్చి, మల్టీమీటర్, గిటారు కేబుల్ తీసుకెళ్ళండి. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) పైన, ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) మీద ఉండే గంట ఆకారపు మూతకు గిబ్సన్‌లో రెండు స్క్రూలు ఉంటాయి. మూడుంటే అక్కడే ఆగండి. మూత తీయండి. లోపల సాకెట్ రెంచ్ పట్టే ఆరు పలకల ఇత్తడి నట్ ఉండాలి. అలెన్ కీ దూరే గుంట కనిపిస్తే అది గిబ్సన్ పద్ధతి కాదు. బ్రిడ్జిని, అంటే ఒంటి మీద తీగలు ఆనే పట్టీని, మోసే రెండు స్తంభాలు చూడండి. సన్నగా ఉండి, వేలితో తిప్పే చక్రం ఉంటే మంచిది. తల మీద వెడల్పాటి స్క్రూడ్రైవర్ గాడి ఉన్న లావు స్తంభాలు నకళ్ళలో మామూలు. ఎపిఫోన్‌లలోనూ అవి ఉంటాయి. ఎపిఫోన్ 1957 నుంచి గిబ్సన్ సొంత కంపెనీయే కాబట్టి అక్కడ తప్పేమీ లేదు. గిబ్సన్ అని రాసిన దాని మీద ఉంటేనే తప్పు.

హెడ్‌స్టాక్ వెనక, మెడ మొదలయ్యే చోట ఏటవాలు అతుకు గీత కనిపిస్తుందేమో టార్చి వేసి చూడండి. లెస్ పాల్ మెడ ఏటవాలు అతుకు లేకుండా వస్తుంది. హెడ్‌స్టాక్ అంచులకు మాత్రం చిన్న ముక్కలు అతికిస్తారు. తమాషా ఏమిటంటే, కింద పడితే విరిగేది అసలుదే. అక్కడ చెక్క పీచు వాలుగా తెగి ఉంటుంది. నకిలీలోని అతుకు ఇంజనీరింగ్‌లో మెరుగు! అయినా గుర్తు గుర్తే. ఫ్రెట్ల చివరలు చూడండి. 2014కు ముందటి లెస్ పాల్‌లలో తెల్ల బైండింగ్ (అంచు పట్టీ) ప్రతి ఫ్రెట్ చివరనూ చిన్న బొడిపెలా కప్పి ఉంటుంది. 1995 గిటారు అంటూ ఫ్రెట్లు బైండింగ్ మీదుగా ఉంటే, ఫ్రెట్లు మార్పించిన రసీదు అడగండి.

వరుస సంఖ్యను నమ్మి మోసపోయేవాళ్ళే ఎక్కువ. 1977 నుంచి 2005 దాకా వాడిన ఎనిమిది అంకెల పద్ధతిలో మొదటి, ఐదో అంకెలు సంవత్సరం, మధ్యలో మూడు అంకెలు ఏడాదిలో ఎన్నో రోజో, చివరి మూడు ఆ రోజు వరుస. 92145367 అంటే 1995లో 214వ రోజు, ఆగస్టు 2. నకిలీ చేసేవాడికీ ఇది తెలుసు. నిజమైన సంఖ్య ఒకటి తీసుకుని వందల గిటార్ల మీద కొడతాడు. అందుకే సంఖ్య సరిపోవడం రుజువు కాదు, సరిపోకపోవడమే రుజువు. వెనక మూత తీస్తే కనిపించే పాట్‌ల (వాల్యూమ్, టోన్ తిప్పే భాగాల) మీది అంకెలు మరింత నమ్మకం. 137తో మొదలైతే సీటీఎస్ కంపెనీవి, తర్వాతి నాలుగు అంకెలు సంవత్సరం, వారం. 1379522 అంటే 1995లో 22వ వారం. ఆగస్టు గిటారులో అది సరిగ్గా కుదురుతుంది. నకిలీల్లో ఎక్కువగా చిన్న, 16 మిల్లీమీటర్ల పాట్‌లు ఉంటాయి. కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెట్టి, మల్టీమీటర్‌తో కేబుల్ రెండో చివర ప్లగ్ కొనకూ దాని ఒంటికీ మధ్య కొలిస్తే మామూలు హంబకర్ (రెండు తీగచుట్టల పికప్) ఏడెనిమిది కిలో ఓమ్‌లు చూపుతుంది. అది అసలుతనానికి రుజువు కాదు, ఎవరైనా అంత తీగ చుట్టగలరు. కానీ స్విచ్ ఒక్క పికప్ మీదే ఉంచినా నాలుగు దగ్గర ఆగితే ఒక చుట్ట పనిచేయడం లేదని అర్థం. పికప్ అడుగున పేటెంట్ నంబరు 2,737,842 కనిపిస్తే కంగారు పడకండి. అది పికప్ పేటెంటే కాదు, లెస్ పాల్ అనే గిటారిస్టు పేరున ఉన్న టెయిల్‌పీస్ (తీగల కొనలు పట్టే భాగం) పేటెంటు. పికప్‌ను కనిపెట్టిన సెత్ లవర్ పేటెంటు 2,896,491. గిబ్సన్ తన సొంత పికప్‌ల మీదే ఏళ్ళ తరబడి తప్పు నంబరు వేసింది. లేబుళ్ళ పవిత్రత గురించి ఆ కంపెనీ మాట్లాడేటప్పుడు నాకు ఇది గుర్తొస్తుంటుంది.

కొనేశారు, తర్వాత నకిలీ అని తేలింది, లేదా తెలిసే కొన్నారు. పారేయమని నేను అనను. వాయించదగ్గదేనా అన్నది ముందు చూడండి. 12వ ఫ్రెట్ నుంచి సన్నతీగ శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) దాకా 312 నుంచి 314 మిల్లీమీటర్లు రావాలి, లావుతీగకు ఇంకో మూడు, నాలుగు ఎక్కువ. బ్రిడ్జి రంధ్రాలు తప్పు చోట తొలిచి ఉంటే శాడిల్ ఎంత జరిపినా పై ఫ్రెట్లలో శ్రుతి కుదరదు. అది బాగుచేసే ఖర్చు గిటారుకన్నా ఎక్కువ. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలను నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, మెడ ఒంటితో కలిసే చోట తీగను నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల ఖాళీ ఉందా చూడండి. ట్రస్ రాడ్‌ను పావు చుట్టు తిప్పినా మెడ కదలకపోతే లోపలి రాడ్ పనికిరాదు.

ఇక్కడొక వల ఉంది. వాయిస్తుంది కదా అని మంచి పికప్‌లు, పాట్‌లు, బ్రిడ్జి వేయిస్తారు. సీటీఎస్ పాట్ మెడ లావు 9.5 మిల్లీమీటర్లు, నకిలీలో రంధ్రం చిన్నది. డ్రిల్లు పెడితే పెయింటు పెచ్చులూడుతుంది, కోన్ ఆకారపు రీమర్‌తో చేతితో వెడల్పు చేయాలి. అదంతా బాగానే చేస్తారు. డబ్బు పెట్టేకొద్దీ ఆ గిటారు మరింత మంచి నకిలీ అవుతుంది, వెనక మూత తీసి చూసేవాడికి ఉన్న ఆఖరి ఆధారం కూడా పోతుంది. కాబట్టి పికప్‌లకన్నా ముందు లోగో తీయండి.

లోగో పెయింటు మీద అంటించిన డెకాల్ (స్టిక్కర్ లాంటి ముద్ర) అయితే గోటితోనే వస్తుంది. లాకర్ కింద ఉంటే ట్యూనింగ్ కీలు, మూత తీసేసి 320 గరుకు కాగితంతో మొదలుపెట్టి, 600తో నునుపు చేసి, నలుపు కొట్టి, ఆరాక 1000 నీటి కాగితంతో ముగించాలి. చెక్కలో పొదిగినదాన్ని పెకలించకండి, గుంట పడుతుంది. 0.6 మిల్లీమీటర్ల వెనీర్ పలకను హెడ్‌స్టాక్ ముఖమంతా చెక్క జిగురుతో అతికించి, రాత్రంతా బిగించి ఉంచి, నట్ అంచుకూ ట్రస్ రాడ్ గుంటకూ కోసి, కీల రంధ్రాలు వెనక నుంచి మళ్ళీ తొలవండి. ముందు నుంచి తొలిస్తే రంధ్రం ఎక్కడుందో కనిపించక పక్కకు పోతుంది. వెనక కొట్టిన సంఖ్యను, మేడ్ ఇన్ యూఎస్ఏను సూపర్‌గ్లూ చుక్కలతో రెండు మూడు విడతలు నింపి చదును చేయాలి. ఒక్కసారే నింపితే కుంగి అక్షరాల జాడ మళ్ళీ తేలుతుంది. ఆఖరుగా పాట్‌ల గదిలో, తీగలు లేని చోట, సోల్డరింగ్ ఐరన్ కొనతో "కాపీ" అని కాల్చి రాయండి. మార్కర్‌తో రాస్తే స్పిరిట్‌తో తుడుచుకుపోతుంది. ఇదంతా చేశాక దాన్ని ఎవరికైనా అమ్మండి, నాకు అభ్యంతరం లేదు.

లైసెన్సు ఉన్న మెడ, వేరే చోట కొన్న ఒళ్ళు, విడి పికప్‌లతో స్ట్రాటోకాస్టర్ కట్టుకునేవాళ్ళ సంగతి కొంత వేరు. వాళ్ళ చేతిపని మీద నాకు గౌరవం ఉంది. అయితే ఆ లైసెన్సు హెడ్‌స్టాక్ ఆకారానికే, పేరుకు కాదు. అంత కష్టపడి కట్టి చివర్లో నెట్‌లో కొన్న ఫెండర్ డెకాల్ అంటించడం నాకు అర్థం కాదు. సొంత పేరు వేసుకోవచ్చు కదా! నిజమైన పాత ఫెండర్ మెడకు మళ్ళీ లాకర్ వేయించినప్పుడు పోయిన డెకాల్ తిరిగి అంటించడం మాత్రం న్యాయమే. పని ముందు, తర్వాత తీసిన ఫోటోలు గిటారు పెట్టెలోనే పెట్టి ఉంచాలి.

చివరగా, బాగుచేసే మేస్త్రీలు. నకిలీ గిటారు తెస్తే పని చేయాలా వద్దా అన్న ప్రశ్న వాళ్ళలో వాళ్ళకే తెగదు. ఫ్రెట్లు సరిచేయండి, టెయిల్‌పీస్‌కు వెళ్ళాల్సిన గ్రౌండ్ తీగ లేకపోతే వేయండి, గుయ్యిమనే హమ్ పోతుంది. అది వాయించే కుర్రాడికి చేసే సేవ. రెండు స్క్రూల గిబ్సన్ మూత, సన్న స్తంభాల బ్రిడ్జి తెచ్చి "అసలుదానిలా చేయండి" అంటే మాత్రం ఆ పని వద్దనండి. బిల్లు మీద గిటారు వివరం రాసేచోట "లెస్ పాల్ తరహా నకలు" అని రాయండి. బిల్లు మీద వేరేలా రాయమని అడిగేవాడికి గిటారు తిరిగి ఇచ్చేయండి.